ఏడో నంబరు సీసాలోని పది కాళ్ళు

భద్రాచలంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏడేళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. గొంతు పాడై, వెనక బెంచీ దాకా మాట చేరని స్థితి వచ్చాక గడువుకు ముందే రిటైర్మెంట్ తీసుకున్నాను. మా డిపార్ట్‌మెంట్ స్పెసిమెన్ రిజిస్టరులో నా చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "ఏడో నంబరు, సముద్రపు సాలీడు. అటెండరు అజాగ్రత్త వల్ల రెండు కాళ్ళు విరిగినవి."

ఆ వాక్యం అబద్ధం. విరిచింది నేను.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు కొందరు "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. ఈ ఒక్క సంగతి వదిలేసి మిగతావి రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. కలం సాగలేదు. అందుకని ఇదే రాస్తున్నాను. మిగతావి దీని వెంట ఎన్ని వస్తే అన్ని.

సీసాలు, రికార్డులు

లెక్చరర్ అంటే పాఠం చెప్పేవాడని బయటివాళ్ళు అనుకుంటారు. జంతుశాస్త్రంలో సగం ఉద్యోగం సీసాలను కాపాడుకోవడమే. మన ఎండలకు స్పిరిట్ ఎంత త్వరగా ఆవిరైపోతుందో వేసవి సెలవులయ్యాక తెలుస్తుంది. మూత చుట్టూ మైనం పూయకుండా వెళ్ళిపోతే, తిరిగొచ్చేసరికి సీసా అడుగున ఎండిన తోలు ముక్క ఉంటుంది. తగ్గినంత మేర నీళ్ళు పోసి సర్దేయకండి. నా మొదటి ఏడాది నేను అదే చేశాను. మంచి జెల్లీఫిష్ ఒకటి ముద్దగా మారిపోయింది.

అప్పటి మా హెడ్ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. సీసా మూత తీసి వాసన చూశాడు. తిట్టలేదు. "దీని బొమ్మ గీసుకురా" అన్నాడు. నేను పుస్తకంలోది చక్కగా గీసి తెచ్చాను. ఆయన బొమ్మను చూసి, సీసాను చూసి, "పుస్తకంలో బొమ్మ పుస్తకంలోనే ఉంది కదయ్యా, మళ్ళీ నువ్వెందుకు గీయడం?" అన్నాడు. ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను. అర్థం కాలేదని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

మన దగ్గర ప్రాక్టికల్ రికార్డులు ఎలా తయారవుతాయో మీకు చెప్పనక్కర్లేదు. సీనియర్ రికార్డు చూసి జూనియర్ గీస్తాడు. ఆ సీనియర్ తన సీనియర్‌ది చూసి గీసి ఉంటాడు. బొద్దింక కాలి మీద ఒకడు పొరపాటున గీసిన అదనపు ముల్లు మా కాలేజీలో ఏళ్ళ తరబడి నడిచింది. మేం సంతకాలు పెడుతూ పోయాం. చివరికి సీసాలో ఉన్నది రికార్డుకు భిన్నంగా కనపడితే తప్పు సీసాదే అనే స్థితికి వచ్చాం. "నీకేం కనపడుతోందో ఎందుకు, రికార్డులో ఉన్నట్టు రాయి" అని నేనే పిల్లలతో అన్నాను. ఒకసారి కాదు.

ముత్తమ్మ

కారం ముత్తమ్మ మా ల్యాబ్ అటెండరు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చింది. దుమ్ముగూడెం దారిలో కోయ గూడెం ఆమెది, తండ్రి పేపరు మిల్లుకు వెదురు కొట్టిన మనిషి. పదో తరగతి పాసైంది. ట్రేలు కడగడం, సీసాలు సర్దడం, ప్రాక్టికల్ పరీక్షకు స్పెసిమెన్లు వరసగా పెట్టడం, ఇంతే ఆమె పని.

పరీక్షల వారం వస్తే పిల్లలు నా గదికి రాకుండా సింకు దగ్గర ఆమె చుట్టూ చేరేవాళ్ళు. ఆమె జవాబులు చెప్పేది కాదు. సీసాను కిటికీ వెలుతురుకు పట్టి, "మొదలు చూడు. పేరు తర్వాత. ఎన్ని ఉన్నయి? ఎటు తిరిగి ఉన్నయి?" అని అడిగేది. ఒకరోజు వరండాలో ఒక పిల్ల ఇంకో పిల్లతో అంటుంటే విన్నాను: "సారు చెప్తే రాసుకుంటం. ముత్తక్క చెప్తే కనవడతది."

ఆ మాట నా ఒంట్లో ముల్లులా దిగింది. ఆ తర్వాత ఆమె ఏం చేసినా నాకు తప్పే కనిపించేది. స్టాఫ్ రూములో ఎవరో ఆమెను మెచ్చుకుంటే, "అడవివాళ్ళకు కంటిచూపు ఎక్కువ లెండి" అన్నాను. మెప్పులా వినపడేట్టు అన్నాను గాని, అది ఆమె తెలివిని కొట్టిపారేయడానికి అన్న మాట. టీ కప్పులు తీయడానికి వచ్చిన ఆమె విననే విన్నది.

"సముద్రం మా అడవిల యాడుంది సారూ? గా జెల్లీఫిష్‌ను నేను గీడనే చూసిన, మీతోని పాటే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలుసు.

చేతకానివాడి మీద అసూయ పుట్టదు. మన పనే మనకంటే బాగా చేసేవాళ్ళ మీద పుడుతుంది. ఆ మనిషి జీతంలో, హోదాలో మనకంటే కింద ఉంటే, అది అసూయ అని మనకు మనం ఒప్పుకోం. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుంటాం. నేను అలాగే పెట్టుకున్నాను.

భాస్కర్ పంపిన డబ్బా

భాస్కర్ నా ఎమ్మెస్సీ క్లాస్‌మేట్. సముద్రం అడుగును గాలించే పరిశోధన ఓడలో పనిచేస్తాడు. అతని మీదా నాకు కుళ్ళే. ఇద్దరం ఒకే రూములో చదివాం, అతనికి ఓడ దొరికింది, నాకు బొద్దింక దొరికింది. దక్షిణాన మంచు సముద్రం వైపు వెళ్ళినప్పుడు లోతుల్లోంచి తీసినవాటిలో, ఇంకా విడదీయని మిగులు సరుకు ఒక డబ్బాలో మా కాలేజీకి పంపించాడు. అందులో సముద్రపు సాలీళ్ళు ఉన్నాయి.

పేరుకు సాలీడే గాని, మన గోడల మీది సాలీడు కాదిది. దీనికి ఒళ్ళంటూ దాదాపు లేదు. కాళ్ళు చాపితే అరచేయంత ఉన్న జంతువుకు నడుము అగ్గిపుల్లంత. ఆ నడుములో పేగుకు చోటు చాలదు. అందుకని అది కొమ్మలుగా చీలి, ప్రతి కాలిలోకీ దాదాపు కొస దాకా పోతుంది. తిన్నది కాళ్ళలో అరుగుతుంది. ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు, పైపెంకులోంచే ఆక్సిజన్ లోపలికి దిగుతుంది. గుండె ఉంది గాని బలం తక్కువ. కాళ్ళలో రక్తాన్ని కదిలించే పని చాలావరకు పేగు కదలికలదే. ముందున్న గొట్టంలాంటి తొండాన్ని మెత్తటి జీవుల్లో గుచ్చి పీల్చుకుంటుంది. నెత్తిన ఒక బొడిపె, దాని మీద నాలుగు కళ్ళు ఉండాలి. వెలుతురు చేరని లోతుల్లో బతికే చాలా రకాల్లో ఆ కళ్ళు మసకబారాయి, కొన్నింటిలో అసలు లేవు.

అన్నిటికంటే వింత, గుడ్లు కూడా కాళ్ళలోనే తయారవుతాయి. ఆడదాని తొడల్లో.

ఇది నాకు అప్పటికి తెలియదు. డబ్బాలో ఒక సాలీడు ముందరి చిన్న కాళ్ళ జత మీద గుడ్లు పూసల ముద్దల్లా అంటుకుని ఉన్నాయి. క్లాసుకు చూపించి, "తల్లి ప్రేమ అంటే ఇదీ. సముద్రం అడుగున కూడా తల్లి తల్లే" అన్నాను. పిల్లలు రాసుకున్నారు.

క్లాసయ్యాక ముత్తమ్మ సింకు దగ్గర్నుంచి పిలిచింది. "సారూ, గా గుడ్లు మోసేది తల్లి కాదేమో."

"మరెవరు?"

"దీని తొడలు సన్నగ ఉన్నయి. గా రెండో సీసాల దాని తొడలు ఉబ్బి ఉన్నయి, వెలుగుకు పెడితే లోపల గింజల లెక్క కనవడుతున్నయి. తొడల గుడ్లున్నది ఆడది గదా? మరి లోపల ఏం లేకుండ బయట గుడ్లు మోసెటిది ఎవలు? తండ్రే." ఆమె నవ్వింది. "మా ఆయనకు తీస్కపోయి చూపియ్యాలె దీన్ని."

"ట్రేలు కడిగావా?" అన్నాను.

ఇంటికెళ్ళి పుస్తకం తీశాను. ఆమె చెప్పిందే నిజం. చాలా రకాల్లో ఆడది తొడల్లోని గుడ్లను బయటికి వదిలితే, మగది వాటిని ముద్దగా అంటించుకుని పిల్లలు వచ్చేదాకా మోస్తుంది. మర్నాడు క్లాసులో "నిన్న తొందరలో ఒక మాట అన్నాను. జాగ్రత్తగా పరిశీలించాక నాకు తెలిసిందేమిటంటే..." అని మొదలుపెట్టాను. ముత్తమ్మ తలుపు దగ్గర ట్రే తుడుస్తూ నా వైపు చూసింది. నేను బోర్డు వైపు తిరిగాను.

పది

ఏడో నంబరు సీసాలోకి ఎక్కించింది అన్నిటికంటే పెద్ద సాలీడు. అంకె చీటీ కడుతూ ముత్తమ్మ, పిల్లలందరూ ఉండగా అన్నది, "సారూ, దీనికి పది కాళ్ళు."

"ఎనిమిదే. గుడ్లు మోసే చిన్న కాళ్ళు కూడా కలిపి లెక్కపెట్టి ఉంటావ్."

"అవి లెక్కవెట్టలే సారు. అవి గూడ కలిపితే పన్నెండు."

పిల్లలు ఫక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. "డబ్బాలో ఊడిన కాళ్ళు బోలెడున్నాయి. ఇంకోదాని కాళ్ళు వచ్చి చిక్కుకుని ఉంటాయి."

"ఊడిన కాలైతే కదిలిస్తే కదులుతది గదా. ఇది ఒంట్లకెంచే వచ్చింది. ఒక్కసారి చూడున్రి సారు."

నేను చూడలేదు. నా పుస్తకంలో ఎనిమిది అని ఉంది. పది కాళ్ళ రకాలు కొన్ని ఆ చల్లటి సముద్రాల్లో ఉన్నాయని అదే పుస్తకంలో, అదే పేజీలో కింద ఉంది. నేను అంతదూరం చదవలేదు.

ఆ వారం రికార్డులు సంతకానికి వచ్చాయి. సగం మంది పది కాళ్ళు గీశారు. మా కాలేజీలో ఎవరూ ఎవరినీ చూడకుండా, సీసాను చూసి గీసిన మొదటి బొమ్మలు అవేనేమో. "ఎవరు చెప్పారు పది అని?" అని అడిగాను. "ఎవరు చెప్పలే సార్, చూసినం" అన్నది ఒక అమ్మాయి. ఆ బొమ్మల మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాను.

అప్పుడే భాస్కర్ ఫోన్ చేశాడు. కుటుంబంతో రాములవారి దర్శనానికి వస్తున్నాడట, శనివారం కాలేజీకి వచ్చి సాలీళ్ళను చూస్తానన్నాడు. ఆ క్షణం నా మనసులో మెదిలింది ఎనిమిదా పదా అన్న అనుమానం కాదు. భాస్కర్ ఏడో సీసా చూస్తాడు, ముత్తమ్మ నోరు తెరుస్తుంది, భాస్కర్ ఆమెను మెచ్చుకుంటాడు. నా కళ్ళ ముందు కనిపించింది అదే.

శుక్రవారం భోజనాల వేళ ల్యాబ్‌లో ఎవరూ లేరు. ముత్తమ్మ ట్రేలు కడిగేసి, ఆ పూటకు సెలవు తీసుకుని వెళ్ళింది. సాలీడును ట్రేలోకి తీసి ఫోర్సెప్స్ పట్టుకున్నాను. చిక్కుకున్న కాళ్ళను విడదీస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. చివరి జతలో ఎడమ కాలును పట్టి లాగాను. సులువుగా రాలేదు. ఇంకాస్త లాగితే కీలు దగ్గర ఊడింది, దాని వెంట సన్నటి ముదురు రంగు దారం ఒకటి సాగి సాగి తెగింది.

అది పేగు. చిక్కుకున్న కాలికీ ఒంటికీ మధ్య పేగు ఉండదు. ఆమె చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలిసిపోయింది. అక్కడితో ఆగవచ్చు. నేను ఆగలేదు. ఒక పక్క ఐదు, ఒక పక్క నాలుగు ఉంటే అనుమానం వస్తుందని, కుడి కాలు కూడా లాగేశాను. మొదటిది మూర్ఖత్వం అనుకున్నా, రెండోదానికి ఏ సాకూ లేదు.

ఆ రెండు కాళ్ళను చిన్న గాజుబుడ్డిలో వేసి జేబులో పెట్టుకున్నాను.

రిజిస్టరు

శనివారం భాస్కర్ వచ్చాడు. మర్యాదకు ప్రిన్సిపాల్ కూడా ల్యాబ్‌లోకి వచ్చారు. భాస్కర్ లెన్సు పెట్టి ఒక్క నిమిషం చూశాడు.

"ఒరేయ్, ఈ మొండాలేంట్రా? కాళ్ళు అతుక్కునే చోట్లు ఐదు జతలున్నాయి. ఇది పది కాళ్ళది. మా ఓడలో నేను ఒక్కటి కూడా చూడలేదు. ఆ రెండూ ఏవి?"

కాళ్ళు తీసినా, అవి మొలిచిన చోట్లు ఒంటి మీద మిగులుతాయని నేను ఆలోచించనే లేదు. ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే: "అటెండరు కడిగేటప్పుడు విరిగినట్టున్నాయి."

ముత్తమ్మ పక్కనే ఉంది. "నేను ముట్టలే సారు. పది ఉన్నయని చెప్పిందే నేను."

ఆ మాట అని ట్రే వైపు చూసింది. నేను వాడిన ఫోర్సెప్స్ నిన్నటి నుంచి అందులోనే పడి ఉన్నాయి. తర్వాత నా ముఖం వైపు చూసింది. "పోనీలేమ్మా, వీటి కాళ్ళు ముట్టుకుంటే ఊడతాయి" అన్నాడు భాస్కర్, ఓదారుస్తున్నట్టు. ఆ ఓదార్పుతో నేరం ఆమెదేనని ఖాయమైంది. ప్రిన్సిపాల్ చెప్పగా వాళ్ళ ఎదుటే రిజిస్టరులో ఆ వాక్యం రాశాను. వచ్చే నెల నుంచి ఆమెను పంపొద్దని ఏజెన్సీకి కబురు వెళ్ళింది. నేను అడ్డు చెప్పలేదు.

నిజం రాస్తున్నాను గనుక ఇదీ రాయాలి. ఆమె వెళ్ళిపోయాక కొన్నాళ్ళు నాకు హాయిగా ఉంది. తర్వాత పరీక్షల వారం వచ్చింది. పిల్లలు సింకు దగ్గరికి పోవడం మానేశారు, అంతే. నా దగ్గరికీ రాలేదు. నేను కొట్టేయని రికార్డులు తెచ్చుకుని ఎనిమిది కాళ్ళు గీసుకున్నారు.

గాజుబుడ్డిని మాత్రం పారేయలేకపోయాను. ప్రతి వేసవిలో స్పిరిట్ పోసి, మూతకు మైనం పూసి, బీరువాలో పెట్టేవాణ్ణి. ఆరేళ్ళు.

మిరప కల్లంలో

రిటైరయ్యాక ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. దుమ్ముగూడెం దారిలో ఒక మిరప కల్లంలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది.

"ఎవలు? సారా! ఏంది గొంతు, కప్పను మింగినట్టయింది?"

"పోయింది ముత్తమ్మా."

"అవ్, చాన చెప్పిన్రు గదా పాఠాలు."

నిలబడే చెప్పాను. "ఆ రెండు కాళ్ళు విరిచింది నేనే."

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసు సారు. ఫోర్సెప్స్ ట్రేలనే ఉండె. కడగకుండ గట్ల ఇడిచిపెట్టి నేను ఎన్నడన్న పోయిన్నా?"

పక్కామె కోయ భాషలో ఏదో అడిగింది. ముత్తమ్మ జవాబు చెప్పగానే కల్లమంతా నవ్వింది. "ఏం చెప్పావ్?" అన్నాను.

"గీ సారు పురుగు కాళ్ళు ఇరిచిండు, ఒప్పుకునుటానికి ఆరేండ్లు నడిసి వచ్చిండు అని చెప్పిన." తర్వాత నవ్వు ఆపి నన్ను చూసింది. "ఎందుకు ఇరిచిన్రు? గదొక్కటే నాకు తెల్వలే."

"నీ మీద అసూయతో."

"నా మీదనా?" చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పింది. "సంతకం మీది. కుర్చీ మీది. గదిల రెండు ఫ్యాన్లు, రెండూ మీ నెత్తి మీదనే తిరుగుతుండె. నా మీద ఏముందని సారూ?"

"పిల్లలు నీ దగ్గరికి వచ్చేవాళ్ళు."

ఆమె ఆ కాయను తాలు కుప్పలోకి విసిరింది. ఇంకో కాయ అందుకుంటూ అడిగింది, "కాళ్ళు పారేసిన్రా?"

బుడ్డి తీసి ఇచ్చాను. మిరప చేతులని ముందు బోరు దగ్గరికి పోయి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, బుడ్డిని ఎండకు పట్టింది.

"మీరు చూసిన్రా దీన్ని?"

"లేదు."

"ఆరేండ్లు దగ్గర పెట్టుకొని?"

"స్పిరిట్ పోసేవాణ్ణి."

"తొడల గింజలున్నయి సారు. ఇది ఆడది."

క్షమాపణ అడగడానికి వెళ్ళిన మనిషిని నేను. ఆ మాట వినగానే నాలో లేచింది మాత్రం సిగ్గు కాదు, అదే పాత మంట. ఆరేళ్ళు నా బీరువాలో ఉన్నదాన్ని ఆమె ఒక్క క్షణంలో చూసేసింది. ఆ మంట చల్లారాకే సిగ్గు వచ్చింది.

"కాలేజీలో మాట్లాడతాను, నీ పని..." అన్నాను.

"పని తర్వాత సంగతి. గా దినం ప్రిన్సిపాల్ ముందల అన్నరు. గీడ మిరపకాయల ముందల ఒప్పుకుంటె ఏం లాభం? ఆడికి వచ్చి చెప్పున్రి, పిల్లల ముందల. ఇంకోటి సారు. గా రిజిస్టర్ల తప్పుకు అటెండరని రాసిన్రు. చూసినదానికి నా పేరు యాడ రాయలే. పేరు రాయున్రి."

సీసా చుట్టూ

ఇప్పుడు ఆ ల్యాబ్ చూసుకుంటున్న కొత్త లెక్చరర్ స్వప్న అందుకు ఒప్పుకుంది. ప్రాక్టికల్ క్లాసు రోజు ముత్తమ్మా నేనూ వెళ్ళాం. కొత్త ప్రిన్సిపాల్ కూడా వచ్చి కూర్చున్నారు. నేను బోర్డు దగ్గర నిలబడి చెప్పాను. వెనక నుంచి ఎవరో "వినవడతలేదు సార్" అన్నారు. రెండు బెంచీలు ముందుకు నడిచి, గొంతు చించుకుని మళ్ళీ చెప్పాను: "విరిచింది నేను. అబద్ధం ఆడింది నేను." నా ఇరవై ఏడేళ్ళలో ఏ పాఠాన్నీ అంత గట్టిగా చెప్పలేదు.

పాత వాక్యాన్ని కొట్టేయలేదు. అది అలాగే కనపడాలి. దాని కింద రాశాను: "పై మాట అబద్ధం. ఏడో నంబరుకు నడిచే కాళ్ళు పది. ఆడది. చూసి చెప్పినది కారం ముత్తమ్మ. రెండు కాళ్ళు విరిచినది నేను." పేరు రాసి సంతకం పెట్టాను. ముత్తమ్మ వేలితో ఒక్కో అక్షరం మీదుగా పోతూ చదివింది. ఆమె పనికి ఏజెన్సీకి మళ్ళీ రాస్తానని ప్రిన్సిపాల్ అన్నారు. ఇది రాసే నాటికి ఇంకా జవాబు రాలేదు.

ఆమె ఫోర్సెప్స్‌తో ఆ రెండు కాళ్ళను బుడ్డిలోంచి తీసి, ఏడో సీసాలో, అవి ఊడిన చోటికి పక్కగా జార్చింది. సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. ఎవరూ పిలవకుండానే పిల్లలు బెంచీలు వదిలి అటు వెళ్ళారు.

"మొదలు చూడున్రి. పేరు తర్వాత. ఎన్ని ఉన్నయి?"

బోర్డు దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. అసూయ మళ్ళీ వచ్చింది, ఏమీ మారకుండా, అదే ముఖంతో. అలవాటుగా నా చెయ్యి ట్రే వైపు పోయింది. ఫోర్సెప్స్ అక్కడ లేవు. ముత్తమ్మ అప్పటికే కడిగి, సింకు పక్కన గుడ్డ మీద ఆరబెట్టింది.

నేను వెళ్ళి పిల్లల వెనక వరసలో నిలబడ్డాను. నా వంతు రావడానికి చాలాసేపు పట్టింది.